వెలుగులు కలిసే సంత

శుక్రవారం వచ్చిందంటే అరకులో సంత. తెల్లవారకముందే కొండల మీది కాలిబాటల్లో కదలిక మొదలవుతుంది. ఒకరి తలమీద పసుపు మూట, ఒకరి కావడిలో చింతపండు, మరొకరి చేతిలో కొండచీపుళ్ల కట్ట. తెచ్చినవి అమ్ముకుని ఉప్పు, ఎండుచేపలు, బట్టలు కొనుక్కుంటారు. పనిలో పనిగా పెళ్లి కబుర్లు, చావు కబుర్లు చేతులు మారతాయి. పొద్దు వాలేసరికి ఎవరి కొండ వాళ్లు ఎక్కేస్తారు.

ఈ సంతలో ఒక చక్కటి లెక్క దాగి ఉంది. నూరు ఊళ్లున్నాయనుకుందాం. ప్రతి ఊరినీ మిగతా అన్ని ఊళ్లతో నేరుగా కలపాలంటే 4,950 బాటలు వెయ్యాలి. అదే మధ్యలో ఒక సంత పెడితే? నూరు బాటలు చాలు! ఎవరు ఎవర్ని కలవాలన్నా అక్కడ కలుసుకుంటారు. ఈ లెక్క ఏ ఇంజినీరూ వచ్చి చెప్పింది కాదు. కొండ మీద బతుకు నేర్పింది.

సరిగ్గా ఇదే లెక్క మీద పనిచేసే యంత్రం ఒకటుంది. దాని పేరు ఫైబర్ ఆప్టిక్ మ్యాట్రిక్స్ స్విచ్. పేరు వింటే గుండె ఝల్లుమంటుంది గానీ పని మాత్రం సంత పనే. కాకపోతే ఇక్కడికి నడిచి వచ్చేవి మనుషులు కాదు... వెలుగులు. టీవీ బొమ్మలు, కంప్యూటర్ తెరలు, కీబోర్డు మీది నొక్కుళ్లు అన్నీ వెలుగు రూపంలో గాజు తీగల్లో వచ్చి ఇక్కడ కలుస్తాయి. ఏది ఎటు వెళ్లాలో అటు మళ్లుతాయి.

కాలిబాట నుంచి గాజు బాట దాకా

మన్యంలో కబురుకు పెద్ద చరిత్రే ఉంది. 1922లో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు చేసినప్పుడు, ఫలానా స్టేషను మీదికి వస్తున్నామని ముందే పంపిన లేఖల్ని ‘మిరపకాయ టపా’ అని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ టపాను మోసింది మనుషుల కాళ్లే. కొండల్లో కబురు వేగమంటే మనిషి నడక వేగమే.

1960లలో ఈ కొండల రూపం మారింది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడం కోసం కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం వేశారు. అనంతగిరి కొండల్ని తొలిచి యాభైకి పైగా సొరంగాలు తవ్వారు. దారిలో వచ్చే శిమిలిగూడ స్టేషను సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తైనదన్న పేరు దానికి చాలాకాలం ఉండేది.

ఇటు కొండల్లో రైలు దారి పడుతున్న రోజుల్లోనే, అటు ఇంగ్లండులో చార్లెస్ కావ్ అనే శాస్త్రవేత్త మరో సొరంగం గురించి ఆలోచిస్తున్నాడు. అది రైలు కోసం కాదు, వెలుగు కోసం. గాజు తీగలో వెలుగును వంపులు తిప్పుతూ తీసుకెళ్లవచ్చని అప్పటికే తెలుసు. 1954లో ఆ సంగతి లోకానికి చాటినవారిలో మన పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ ఒకరు. చిక్కల్లా ఏమిటంటే, కొద్ది దూరం పోయేసరికి వెలుగు ఆవిరైపోయేది. తప్పు వెలుగుది కాదు, గాజులోని మలినాలదని కావ్ 1966లో తేల్చి చెప్పాడు. కిలోమీటరు ప్రయాణించాక నూరో వంతు వెలుగు మిగిలినా చాలు, దాంతో ఫోన్లు మాట్లాడుకోవచ్చన్నాడు. సుమారు నాలుగేళ్లకు అమెరికాలోని కార్నింగ్ కంపెనీ అంతకంటే మెరుగైన గాజు తీగను చేసి చూపించింది. నేటి తీగల్లోనైతే కిలోమీటరు దాటాక కూడా నూటికి 95 పాళ్ల వెలుగు నిలుస్తోంది. కావ్‌కు 2009లో నోబెల్ బహుమతి దక్కింది.

ఇంతకీ వెలుగు తీగలోంచి బయటకు ఎందుకు పోదు? అరకు రైలు సొరంగంలో దూరి కూత వేసినప్పుడు ఏమవుతుందో గుర్తుచేసుకోండి. ఆ శబ్దం గోడలకు కొట్టుకుంటూ సొరంగం వెంటే సాగుతుంది. గాజు తీగలోని వెలుగూ అంతే. లోపలి గాజుకూ పైపొర గాజుకూ మధ్య ఉన్న సరిహద్దు దానికి గోడ. తీగ మొత్తం మందం వెంట్రుకను మించి ఎంతో ఉండదు. దూరప్రయాణాల తీగలో వెలుగు నడిచే మధ్యభాగం మిల్లీమీటరులో నూరో వంతు కూడా ఉండదు. ఆ ఇరుకు సందులో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పరుగెడుతుంది. విశాఖ నుంచి అరకు చేరడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు!

కొత్తవలసలో ఏం జరుగుతుంది?

దారి వేసేస్తే సరిపోతుందా? కొత్తవలస స్టేషనును చూడండి. హౌరా నుంచి చెన్నై పోయే ప్రధాన మార్గం మీద ఉంది అది. అరకు రైలు అక్కడే పక్కకు తిరుగుతుంది. పట్టాల దగ్గర ‘పాయింటు’ మారితేనే ఆ మలుపు. పాయింటు మారకపోతే ఎంత మంచి ఇంజిను ఉన్నా రైలు కొండ ఎక్కదు. ఎన్ని సొరంగాలు తవ్వినా వాటి విలువంతా ఆ చిన్న మలుపులోనే ఉంది.

టెలిఫోన్ల తొలిరోజుల్లో ఈ పాయింట్ల పని చేసింది మనుషులే. బల్ల ముందు కూర్చున్న ఆపరేటరు ‘నంబర్ ప్లీజ్’ అని అడిగి, వైరు తీసి సరైన రంధ్రంలో గుచ్చేవారు. అమెరికాలో శవపేటికల వ్యాపారం చేసే ఆల్మన్ స్ట్రోజర్‌కు ఓ అనుమానం వచ్చిందట... తనకొచ్చే ఫోన్లను ఆపరేటరు తన పోటీదారుకు మళ్లిస్తోందని! ఆ కోపంలోంచే మనిషి అక్కర్లేని ఎక్స్ఛేంజి పుట్టిందంటారు. 1891లో దానికి పేటెంటు వచ్చింది. కథ ఎంత నిజమో గానీ అందులోని నీతి మాత్రం నిజం. దారి వేసినవాడికంటే మలుపు చేతిలో ఉన్నవాడికే బలం ఎక్కువ.

తర్వాత తర్వాత ఆ మలుపు పెట్టె గళ్ల నుడికారం నేర్చుకుంది. పిల్లలు గీసుకునే గళ్ల కాగితాన్ని ఊహించుకోండి. అడ్డగీతలన్నీ వచ్చే దారులు. నిలువుగీతలన్నీ వెళ్లే దారులు. రెండూ కలిసే ప్రతిచోటా ఒక తలుపు. ఏ తలుపు తెరిస్తే ఆ వచ్చేది ఈ వెళ్లేదాంతో కలుస్తుంది. ఎనిమిది వచ్చే దారులు, ఎనిమిది వెళ్లే దారులు ఉంటే 64 తలుపులు. వెయ్యికి వెయ్యి అయితే ఏకంగా పది లక్షలు! అన్ని తలుపులు అక్కర్లేకుండా, ఎవరి దారికీ ఎవరూ అడ్డం రాకుండా మూడు అంచెల్లో పని జరిపించవచ్చని బెల్ ప్రయోగశాలకు చెందిన చార్లెస్ క్లాస్ 1953లో లెక్క కట్టి చూపించాడు. మ్యాట్రిక్స్ స్విచ్ అంటే ఈ గళ్ల కాగితమే.

దాని లోపల వెలుగును మళ్లించే పద్ధతులు ప్రధానంగా రెండు. ఒకదాంట్లో వచ్చిన వెలుగును విద్యుత్ సంకేతంగా మార్చి, చిప్‌లోని గళ్ల మీద మళ్లించి, మళ్లీ వెలుగుగా చేసి పంపుతారు. రెండోదాంట్లో వెలుగును వెలుగుగానే ఉంచుతారు. బుల్లి అద్దాల్ని అటూ ఇటూ వంచి కిరణాన్ని కావాల్సిన తీగలోకి పంపుతారు. ఎండలో అద్దం పట్టుకుని గోడమీద వెలుగును ఆడించే పిల్లల ఆటే... కాకపోతే గురి తప్పకూడదు.

కంప్యూటరు ఒకచోట... కుర్చీ మరోచోట

మరి ఫోన్ల కోసం పుట్టిన ఈ విద్య కంప్యూటర్లకు ఎందుకు కావాల్సివచ్చింది? పెద్ద కంట్రోల్ రూమ్ సంగతే తీసుకుందాం. అది విమానాల్ని నడిపించేది కావచ్చు, రైళ్లను చూసుకునేది కావచ్చు, మనం రోజూ చూసే వార్తా చానల్‌ది కావచ్చు. పదులకొద్దీ కంప్యూటర్లు కావాలి. వాటికేమో చల్లదనం కావాలి, దుమ్ము పడకూడదు. వాటి పంకాల రొద మధ్య కూర్చుంటే మనిషికి తలనొప్పి. అందుకని యంత్రాల్ని వేరే గదిలో పెట్టి తాళం వేస్తారు. మనిషి ముందు తెర, కీబోర్డు, మౌస్ మాత్రమే ఉంటాయి. కీబోర్డు, వీడియో, మౌస్ అనే మూడు మాటల తొలి అక్షరాలు కలిపి ఈ ఏర్పాటును ‘కేవీఎం’ అంటారు.

ఇక్కడే రాగి తీగ చేతులెత్తేస్తుంది. ఒక హెచ్‌డీ తెర మీద 20,73,600 చుక్కలుంటాయి. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు. సెకనుకు 60 బొమ్మలు. అంతా గుణిస్తే ఒక్క తెరకే సెకనుకు సుమారు 300 కోట్ల బిట్లు! మామూలు రాగి కేబుల్లో ఈ ప్రవాహం కొద్ది మీటర్లు పోయేసరికి బొమ్మ చెదిరిపోతుంది. గాజు తీగలో మాత్రం కిలోమీటర్ల కొద్దీ చెక్కుచెదరదు. పైగా గాజులో కరెంటు పారదు. ఒకచోట పిడుగు పడితే ఆ దెబ్బ తీగ వెంట పాకి అవతలి యంత్రాన్ని కాల్చే ప్రమాదం ఉండదు. వేసవి చివర్లో అరకు కొండల మీద ఉరుములు విన్నవారికి ఈ మాట విలువ తెలుస్తుంది.

మధ్యలో మ్యాట్రిక్స్ స్విచ్ పెడితే ఏ కుర్చీలోంచైనా ఏ కంప్యూటరునైనా నడపవచ్చు. ఒకటి మొరాయిస్తే మీట నొక్కి మరోదానికి మారిపోవచ్చు. ఒకే తెరను పదిమందీ చూడవచ్చు. కానీ నడిపే అధికారం మాత్రం ఒక సమయంలో ఒకరికే ఇచ్చేలా ఏర్పాటు చేసుకోవచ్చు. రైల్వేలో ఒకే పట్టా మీదికి రెండు రైళ్లను రానివ్వని ఇంటర్‌లాకింగ్ లాంటిదే ఇది. చూడ్డానికి అందరికీ హక్కుంది. చెయ్యి వెయ్యడానికి మాత్రం వంతు రావాలి.

విశాఖ నుంచి కొండకు

గాజు తీగ కంట్రోల్ రూమ్‌లకే పరిమితం కాలేదు, ఇళ్లలోకీ వచ్చింది. రైలు పట్టాల వెంట ఫైబర్ పరిచే పని కోసం 2000లో రైల్‌టెల్ సంస్థ ఏర్పడింది. పంచాయతీలన్నిటికీ ఫైబర్ చేర్చాలని 2011లో కేంద్రం ఒక పథకం చేపట్టింది. అదే తర్వాత భారత్‌నెట్ అయింది. ఆంధ్రప్రదేశ్ మరో దారి పట్టింది. భూమి తవ్వి కేబుల్ వెయ్యాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుందని, ఉన్న కరెంటు స్తంభాల మీదే దాన్ని లాగింది. లోహం ముక్క కూడా లేని కేబుల్ కాబట్టి కరెంటు తీగల సరసన ఉన్నా దానికి భయం లేదు. ప్రధాన కేంద్రం విశాఖలో పెట్టారు. టీవీ చానళ్లన్నీ అక్కడికి చేరి, అక్కణ్నుంచి జిల్లాలకు మళ్లుతాయి. నెలకు 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోన్ అంటూ 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభమైంది.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. కంట్రోల్ రూమ్‌లోని మ్యాట్రిక్స్ స్విచ్ ఒక్కో బొమ్మకు విడిగా పట్టా వేసి ఇస్తుంది. ఊళ్లకు వచ్చే ఇంటర్నెట్ అలా కాదు. అది టపా సంచి లాంటిది. అందరి ఉత్తరాలూ ముక్కలు ముక్కలుగా ఒకే సంచిలో పడి, కూడలి దగ్గర వేరవుతాయి. రద్దీ పెరిగితే ఆలస్యమూ పెరుగుతుంది. పద్ధతి వేరైనా రెండింటికీ ప్రాణం కూడలిలోనే ఉంది.

కూడలికి దెబ్బ తగిలితే ఏమవుతుందో 2014 అక్టోబరు 12న తెలిసొచ్చింది. హుద్‌హుద్ తుపాను గంటకు దాదాపు 180 కిలోమీటర్ల గాలులతో విశాఖ మీద విరుచుకుపడింది. స్తంభాలు పడిపోయాయి, ఫోన్లు మూగబోయాయి. అరకు కొండల్లో కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు వేలాదిగా కూలాయి. నగరం చీకట్లో ఉంటే కొండ కేక ఎవరికి వినబడుతుంది? కీలకమైన కంట్రోల్ రూమ్‌ల్లో ప్రతిదానికీ జోడు పెట్టేది అందుకే. రెండు స్విచ్చులు, రెండు కరెంటు దారులు, వేర్వేరు గోడల వెంట రెండు తీగలు. ఒకటి తెగితే రెండోది అందుకోవాలి. కొండ ఊరికి మాత్రం తరచూ ఒకటే తీగ ఉంటుంది. చెట్టుకొమ్మ విరిగి ఆ తీగ తెగితే కథ ముగిసినట్టే. రెండు కొసల్నీ వెతికి పట్టుకుని, శుభ్రం చేసి, విద్యుత్ మెరుపుతో గాజును కరిగించి అతికేవాడు మోటారు సైకిలు మీద వచ్చేదాకా ఎదురు చూడాల్సిందే.

తీగే అక్కర్లేకుండా ఒక కొండ నుంచి మరో కొండకు గాల్లోనే వెలుగును పంపితే? గూగుల్ మాతృసంస్థకు చెందిన ‘ఎక్స్’ ప్రయోగశాల సరిగ్గా ఆ ఆలోచనతోనే వచ్చింది. 2,000 కాంతి లింకుల కోసం 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్‌తో ఒప్పందం కుదిరింది. కొండ శిఖరాలు ఒకదానికొకటి కనిపిస్తుంటాయి గనుక వినడానికి ఎంతో బాగుంది. కానీ గాల్లో నడిచే వెలుగుకు మంచు బద్ధశత్రువు. వంజంగి కొండ ఎక్కి మేఘాల సముద్రాన్ని చూసి మురిసిపోయే మనకు అది అందం. వెలుగు కిరణానికి అదే గోడ.

చూసేవాళ్లేనా... చూపించేవాళ్లు కాదా?

మళ్లీ ఆ గళ్ల కాగితం దగ్గరికి వద్దాం. అడ్డగీతలు వచ్చేవి, నిలువుగీతలు వెళ్లేవి అనుకున్నాం కదా. ఈ కాగితంలో కొండ ఊరు ఎటువైపు ఉంది? జాగ్రత్తగా చూస్తే ఎప్పుడూ నిలువుగీతల వైపే కనబడుతుంది. నగరంలో తయారైన సీరియల్, సినిమా, వార్త, ప్రకటన అక్కడికి వెళతాయి. కొండ ఊరు చూస్తుంది. అది చూపించాల్సినవి లేవా మరి?

ఉన్నాయి. నెలలు నిండిన గర్భిణిని డోలీలో మోసుకొస్తున్న నలుగురు మనుషులు ఉన్నారు. వర్షాకాలం వచ్చిందంటే మన్యం నుంచి ఈ వార్త రాని ఏడాది లేదు. కొండ కింది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక డాక్టరు ఉండొచ్చు. కానీ స్కానింగులో కనబడిన తేడాను చూసి చెప్పగల నిపుణుడు ఉండేది నగరంలో. ఆ ఒక్క బొమ్మ స్పష్టంగా, సమయానికి ఆయన కళ్లముందు పడితే ఆమెను ఎక్కడికి, ఎంత తొందరగా తరలించాలో తెలుస్తుంది. 2019లో కేంద్రం మొదలుపెట్టిన ఈ-సంజీవని సేవలో డాక్టరుకు డాక్టరు సలహా ఇచ్చే ఏర్పాటు అచ్చం ఈ కూడలి పద్ధతిదే. మధ్యలో నిపుణులు, చుట్టూ ఊరి కేంద్రాలు. ఇక్కడ కొండ ఊరిది చూసే వంతు కాదు, చూపించే వంతు. పైకి పోయే దారి సన్నగా ఉండి కిందికి వచ్చే దారి మాత్రమే వెడల్పుగా ఉంటే సినిమా చక్కగా కనిపిస్తుంది. స్కానింగు బొమ్మ మాత్రం ఆగి ఆగి పోతుంది.

2020లో కరోనా బడులకు తాళం వేసినప్పుడు సిగ్నల్ కోసం గుట్టలెక్కిన మన్యం పిల్లల ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. పాఠం వినడం ఒక ఎత్తు, సందేహం అడగడం మరో ఎత్తు. గుట్టమీద వాళ్లకు మొదటిది అందడమే గగనమైంది. రెండోదానికి వీలే లేకపోయింది. అడిగే దారి లేని చదువు సగం చదువే. ఆ తర్వాత 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. ఫైళ్లు కదిలే కూడలి కొండ మీదికే వచ్చింది. కబురు కదిలే కూడలి కూడా అంత దగ్గరకు రావాలి.

చూపించే అవకాశం దొరికితే కొండ ఏం చేయగలదో కాఫీ చెప్పింది. ఒకప్పుడు అరకు కాఫీ గింజ దళారి చెప్పిన ధరకు పేరు లేకుండా పోయేది. సహకారం, నాణ్యత తోడయ్యాక 2017లో పారిస్‌లో అరకు పేరుతోనే దుకాణం తెరుచుకుంది. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గింజ మారలేదు, కొండ మారలేదు. అది ఎక్కణ్నుంచి వచ్చిందో అవతలివాడికి తెలిసే దారి ఏర్పడింది, అంతే.

తొలినాళ్లతో పోలిస్తే గాజు తీగ ఖరీదు బాగా తగ్గింది. శూన్యంలో వెలుగు వేగం ఎవరూ పెంచలేరు, తగ్గించలేరు. మిగిలిందల్లా కూడలిలో ఏ తలుపు తెరవాలన్న నిర్ణయమే. అది యంత్రం తీసుకునేది కాదు. ఎన్ని ఊళ్లకు కేబుల్ వేశామన్న లెక్కతో పాటు, ఎన్ని ఊళ్ల నుంచి బొమ్మ ఇటు వచ్చిందన్న లెక్క కూడా అడగాలి. మన్యంలో ఏ అర్ధరాత్రో ఒక నర్సు పంపిన స్కానింగు బొమ్మ నగరంలో మెలకువగా ఉన్న ఒక డాక్టరు తెర మీద తేటగా వెలిగితే, ఆ తీగకు పెట్టిన ప్రతి రూపాయీ గిట్టుబాటైనట్టే.